లారీ కింద ఊపిరి

రత్నాలమ్మకు వేలిముద్రలు లేవు. పలాస జీడి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు గింజలు కొట్టిన చేతులవి. గీతలన్నీ జీడినూనె తినేసింది. రేషను మిషను మీద బొటనవేలు పెడితే, ఇది మనిషే కాదన్నట్టు ఎర్రదీపం వెలుగుతుంది. అందుకే యాభై దాటాక పంతం పట్టి సంతకం నేర్చుకుంది. నాలుగే అక్షరాలు, ఒక్కోటీ బండి చక్రమంత. ఆ సంతకం ఉన్నచోట అబద్ధం ఉండదని ఊళ్లో చెప్పుకుంటారు. ఎక్కువగా ఆవిడే చెప్పుకుంటుంది.

ఆ సంతకం కోసమే మేనల్లుడు ధనుంజయ్ వారం నుంచి బతిమాలుతున్నాడు. కొబ్బరికాయల లోడుకు తిరిగే లారీ వాడిది. సందులో పెడుతున్నాడని ఊరు తిడితే అత్త దొడ్డిలోకి తెచ్చాడు. ఇళ్ల స్థలంలో లారీ ఉంచాలంటే పంచాయతీ తీర్మానం కావాలంది కార్యదర్శి చందన. నేల గట్టిదనీ, కింద బావులూ గోతులూ లేవనీ దొడ్డి గలావిడ రాసివ్వాలి. లేకపోతే లారీ అమ్ముకోవడమే.

బావి ఉంది. తిత్లీ తుఫానుకు దొడ్డిలో కొబ్బరిచెట్లన్నీ కూలినప్పుడు, వాడకం లేని ఆ బావిని మొగుడూ తనూ కలిసి మూశారు. పూడ్చలేదు, గంగమ్మ గొంతులో మట్టి పోయకూడదు. కూలిన దుంగలే నోటికి అడ్డంగా పరిచి, పైన ఇసుక కప్పి, ఆ తల్లి ఊపిరికి ఒక గొట్టం నిలబెట్టారు. ఏడేళ్లయింది. మొగుడు పోయాడు. గొట్టాన్ని ఆవు విరిచేసింది. గుర్తు చూసుకుందామంటే చెట్లే లేవు. బావి ఎక్కడుందో రత్నాలమ్మకు తెలియదు. తెలియదని చెప్పే నోరు కాదది. "బావీ నేదు, గీవీ నేదు" అనేసింది.

లారీ వచ్చిన రెండోరోజు నుంచి దొడ్డి ఊపిరి తీస్తోంది. పొయ్యి దగ్గర కూర్చుంటే కాళ్లకింద నుంచి సన్నగా, నిద్రపోయే మనిషి ఊపిరిలా. లారీ లోడుకెళితే ఆగుతుంది. తిరిగొస్తే మళ్లీ మొదలు. వెంట కుళ్లిన కొబ్బరి వాసన. కుక్క ఆ లారీ చుట్టూ తిరుగుతుంది గాని నీడకైనా దాని కిందికి దూరదు.

"ఏటత్తా, అలా నేలకేసి సూత్తన్నావు?"

"నీ బండి నా ముగ్గు తొక్కీసింది. అదే సూత్తన్నాను. నోరు ముయ్యి."

శుక్రవారం మధ్యాహ్నం చందన కాగితం తెచ్చింది. ధనుంజయ్ లారీ కింద చాప వేసుకుని కునుకు తీస్తున్నాడు. రత్నాలమ్మ అరుగు మీద కూర్చుని కలం పట్టింది. 'ర' రాసింది. 'త్నా' రాసింది. అప్పుడు వినిపించింది ఊపిరి. ఈసారి లోపలికే పోతోంది. బయటికి రావడం లేదు.

కలం పడేసి రోకలి అందుకుంది. లారీ పక్కనుంచి నేలను పొడుచుకుంటూ పోయింది. దబ్, దబ్, దబ్. వెనక చక్రం దగ్గర డుమ్మంది, ఖాళీ కుండలా. రోకలి గాల్లోనే ఆగిపోయింది.

కింద నుంచి మళ్లీ డుమ్మంది.

"లెగరా! బండి తియ్యి! ఇక్కడ బావి ఉంది!"

"నేదన్నావు కదత్తా!"

"ఎక్కడుందో మర్సిపోనాన్రా! సాలా? తియ్యి!"

తెలియదన్న మాట ఆవిడ నోట ఎవరైనా వినడం అదే మొదలు. లారీ రెండు గజాలు కదిలిందో లేదో, వెనక ఇసుక గుండ్రంగా, చప్పుడు లేకుండా లోపలికి జారిపోయింది. పుచ్చిన దుంగలు పోయాయి. ధనుంజయ్ చాప కూడా పోయింది.

చందన కింద పడ్డ కలం తీసిచ్చింది. "మామ్మా, ఇప్పుడేం రాయమంటారు?"

"ఉన్నదే రాయి. బావి ఉంది, గట్టు కట్టిత్తాం, బండి తూర్పు పక్కన పెడతాం అని." సగం సంతకం కొట్టేసి, నాలుగక్షరాలూ మళ్లీ రాసింది.

తీర్మానం వచ్చింది. గట్టు లేచింది. లారీ తూర్పున ఉంటుంది, ధనుంజయ్ అరుగు మీద పడుకుంటాడు.

రత్నాలమ్మ ఇప్పుడు పిండి దంచినప్పుడల్లా పోట్లు లెక్కపెడుతుంది. రోకలి గోడకు ఆనించాక, బావి వైపు నుంచి ఇంకొక పోటు వినిపిస్తుంది. అదేమిటో ఆవిడ ఎవరికీ చెప్పదు. చెప్పాలంటే తెలియాలి. తెలియదని రెండోసారి చెప్పే మనిషి కాదావిడ.