కట్టుడు పళ్ళ గిన్నెలో చిప్

మా ఆవిడకి ఏదైనా అనుమానం పుట్టిందంటే ఇంట్లో ఏ వస్తువుకీ దిక్కుండదు. ముప్పై ఏళ్ళుగా వేగుతున్నాను, నాకు తెలియదా!

ఒక ప్రయోగశాలలో చిప్‌లు చేయడం ఆవిడ పని. గోరంత సిలికోన్ ముక్కలో వెంట్రుక మందాన కాలువలు వచ్చేలా పోతపోసి, గాజు పలకకి అతికిస్తుంది. మూతి దగ్గర నెత్తురు చుక్క పెడితే అదే లోపలికి పాకి నాలుగు పాయలవుతుంది. పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన ఒక్క చుక్కతో నాలుగు పరీక్షలూ అయిపోవాలని ఆసుపత్రివాళ్ళు అడిగారు.

ప్రయోగశాలలో చుక్క పరుగెత్తింది. మూడోనాడు ఆసుపత్రిలో మూతి దగ్గరే భీష్మించుకుని కూర్చుంది. ఆ పసిదాని మడమ మళ్ళీ గుచ్చాల్సి వచ్చిందని, ఇంకోసారి ఇలా అయితే చిప్‌లే వద్దని నర్సు ఫోన్ చేసి చెప్పింది. నీ చేతులు శుభ్రంగా లేవేమో అన్నాడట మేనేజరు. ఆ మాట దులిపేసుకుంది గానీ, మళ్ళీ గుచ్చారన్న సంగతి మాత్రం ఈవిడని తినేసింది.

ఇక చిప్‌లు ఇంటికొచ్చాయి. చేసిన రోజు బుద్ధిగా ఉన్నది తర్వాత ఎందుకు మొరాయిస్తోంది? పెట్టెలు మార్చింది, అలమరలు మార్చింది. రంగునీళ్ళు నెత్తురవుతాయా అంటూ తన వేళ్ళే గుచ్చుకుంది. నేను కసురుకుంటే ఇంకో వేలు గుచ్చుకుంది.

ఒక ఉదయం నేను గిన్నెలోంచి కట్టుడు పళ్ళు తీస్తుంటే వచ్చి నిలబడింది.

“వీటిని నీళ్ళలోనే ఎందుకు పెడతారు?”

“ఎండితే పాడవుతాయని డాక్టరు చెప్పాడుగా.”

అంతే. ముఖం కడుక్కొచ్చేసరికి నా గిన్నెలో చిప్ మునిగి ఉంది. ఒళ్ళు మండింది. మూడు రోజులు పళ్ళు టీ కప్పులో దాచుకున్నాను.

నాలుగోనాడు పెట్టెలోని చిప్ మొరాయించింది. గిన్నెలోని దాన్ని తీసి, కాలువల్లో నీళ్ళు లాగేసి చుక్క పెడితే సర్రున పాకింది. అతికించే ముందు యంత్రంలో కాంతి తగిలించడం వల్ల కాలువ గోడలకి తడిని లాగే గుణం వస్తుందట. పొడిగా ఉంచితే అది త్వరగా పోతుంది, నీళ్ళలో ఉంచితే నిలుస్తుంది. మేనేజరే వెళ్ళి మూతల డబ్బాలు కొనుక్కొచ్చాడు.

ఈసారి చిప్‌లు నీళ్ళ డబ్బాల్లో వెళ్ళాయి. శనివారం భోజనాల వేళ నర్సు ఫోన్ చేసింది. విని, ఫోన్ పెట్టేసి, ఈవిడ ఏడుపు మొదలుపెట్టింది. ఏమైందే అన్నాను.

“ఒక్కసారే గుచ్చారటండీ.”

రెండు చేతులతో కళ్ళు తుడుచుకుంది. ఆ వేళ్ళలో ఏడింటికి ప్లాస్టర్లున్నాయి.