తొమ్మిదో మెట్టు దగ్గర స్తోత్రం

మా ఇంటి మేడమెట్లు బయటివైపు ఉండేవి. పదిహేను నాపరాతి బండలు. ఒక చివర ఇంటి గోడలో పాతుకుని ఉండేది, రెండో చివర ఏ ఆధారమూ లేకుండా గాలిలోకి చాచుకుని ఉండేది. మాచర్ల వైపు పాత ఇళ్ళలో ఇలాంటి మెట్లు కొత్తేమీ కాదు. మా మామగారు వాటికి పిట్టగోడ కూడా పెట్టించలేదు. ఎక్కేవాళ్ళకి కళ్ళుంటే చాలని ఆయన ఉద్దేశం. పోయేముందు ఆయన ఇల్లు నా పేర రాశారు. కోడలి పేర ఇల్లు రాసే మామగారు ఎంతమందికి దొరుకుతారు? అందుకు నేను దేవుడికి చెప్పుకున్న స్తోత్రాలకి లెక్కలేదు.

స్తోత్రం చెప్పడం మా నాన్న నేర్పిన అలవాటు. బడికి వెళ్ళాలంటే వాగు దాటాలి. మా అమ్మకి ఆ వాగంటే భయం, నన్ను పంపనివ్వలేదు. దాంతో నాన్నే ఇంట్లో నల్లటి నాపరాళ్ళ నేలమీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించాడు. ఒక అక్షరం కుదిరితే "స్తోత్రం చెప్పు" అనేవాడు. చెప్పాకే రెండో అక్షరం. ఆ విధంగా నాకు చదువూ కృతజ్ఞతా ఒకే రాతిమీద వచ్చాయి. ఈ రోజుకీ నేను కూడబలుక్కునే చదువుతాను, కానీ ఒక్క మాట కూడా వదిలిపెట్టను.

మామగారి సమాధికి పెట్టే రాయిని దుర్గిలో చెక్కించాం. దాన్ని ఆటోలో తెచ్చిన శిల్పి పెద్దవయసువాడు. మజ్జిగ ఇస్తే మా మెట్లమీద కూర్చుని తాగాడు. తాగాక చేతిలో ఉన్న ఉలి వెనకవైపుతో ఊరికే ఒక్కో మెట్టునీ కొడుతూ పైకి వెళ్ళాడు. కొట్టిన ప్రతి మెట్టూ కంచు గిన్నెలా మోగింది. తొమ్మిదోది మోగలేదు. తడిసిన చెక్కని కొట్టినట్టు దబ్బుమంది. ఆయన మళ్ళీ కొట్టాడు. వంగి చెవి ఆనించి ఇంకోసారి కొట్టాడు.

"ఈ రాయి చచ్చిపోయిందమ్మా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "రాయి చావటమేందయ్యా?"

"లోపల పొర విడిపోయింది. పైకి కనపడదు. తీసేయించండి."

"ఎన్నాళ్ళుంటుంది?"

"అది మాత్రం అడగమాకండి. రేపు పోవచ్చు, పదేళ్ళు ఉండొచ్చు. ఆ సంగతి రాయిక్కూడా తెలవదు."

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయనకి నీళ్ళ మోటార్లకి వైండింగ్ చేసే కొట్టు ఉంది. ఏ వస్తువునైనా పూర్తిగా కాలిపోయాకే విప్పడం ఆయన వృత్తి ధర్మం.

"ఆ ఒక్క మెట్టు తియ్యాలంటే గోడ పగలగొట్టాలి. గోడ పగలగొడితే పైనున్న ఆరు మెట్లూ కదులుతయ్. డాబా మీద మిరపకాయలు ఆరబోసున్నయ్. ఇప్పుడెట్టా కుదురుద్దే?" అన్నాడు.

మిరపకాయలు ఎండాక ఎండలు ముదిరాయి, ఎండలు పోయాక వానలు. చివరికి ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక మెట్టు అడుగున కనిపించిన సన్నటి చారలో సిమెంటు కూరాం. సిమెంటు కలిపింది నేనే. తర్వాత పదిహేను మెట్లకీ నీలం రంగు వేయించాం. అన్నీ ఒక్కలాగే మెరిశాయి. ఏది చచ్చినదో నాకే లెక్కపెట్టుకుంటే గాని తెలిసేది కాదు.

నేను మాత్రం ఎప్పుడూ లెక్కపెట్టేదాన్ని. బట్టలు ఆరేయడానికి వెళ్తూ ఎనిమిదో మెట్టు మీద ఆగి, గోడకి ఆనుకుని, తొమ్మిదో దాని మీద కాలు తేలిగ్గా ఆనించి దాటేదాన్ని. దాటగానే పైకే "స్తోత్రం దేవా" అనేదాన్ని. దిగేటప్పుడూ అంతే. మధ్యాహ్నం పూట ఊరి బయటి రాళ్ళ క్వారీలో తూటాలు పేలినప్పుడు మా వంటింట్లో స్టీలు సామాను గలగలమనేది. అప్పుడు పొయ్యి తగ్గించి బయటికి వచ్చి చూసేదాన్ని. మెట్టు ఉండేది. స్తోత్రం.

"నీ స్తోత్రాలు తిని ఆ మెట్టు మనకంటే ఎక్కువ కాలం బతికేట్టుంది" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నేనూ నవ్వేదాన్ని. నిజానికి నేనూ అలాగే అనుకోసాగాను. గడిచిన ప్రతి రోజునీ దేవుడిచ్చిన జవాబుగా తీసుకున్నాను. రెండేళ్ళు అలా జరిగాయి.

ఆ రెండో ఏడు మేడమీది గదుల్లోకి నూజెండ్ల వైపు నుంచి ఒక అమ్మాయి అద్దెకి వచ్చింది. ముప్పై లోపే ఉంటుంది. భర్త లారీ మీద తిరుగుతాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆమె జాకెట్లు కుడుతుంది. వచ్చిన రోజే కుట్టుమిషను నెత్తిన పెట్టుకున్న మనిషిని వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కింది. నేను కింద నిలబడి రెండు చేతులూ బిగించుకున్నాను. ఇద్దరూ దాటారు.

"మెట్లు బలే ఉన్నయ్ పిన్నీ, కొత్తగా కట్టించారా?" అంది పైనుంచి.

"రంగు కొత్తది" అన్నాను.

అంతకంటే ఎక్కువ చెప్పలేదు. మరో రోజు "గోడవైపుగా ఎక్కమ్మాయ్" అన్నాను. ఎందుకని అడిగింది. రెండోవైపు పిట్టగోడ లేదు కదా అన్నాను. అది అబద్ధం కాదు. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

ఆ అమ్మాయి బాగా మాటకారి. రవికలు కుట్టించుకోవడానికి వీధిలో ఆడవాళ్ళంతా ఆ మెట్లే ఎక్కేవారు. ఒక్కొక్కరి అడుగుల చప్పుడూ నేను వంటింట్లోంచి వినేదాన్ని. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. పది వినపడ్డాక ఊపిరి వదిలేదాన్ని. కొన్నాళ్ళకి ఇంకో చప్పుడు కూడా వినపడసాగింది. తొమ్మిదో మెట్టు దగ్గర ఆ అమ్మాయి కూడా "స్తోత్రం" అంటోంది.

"నువ్వెందుకంటున్నావే? మీకు ఆంజనేయస్వామి ఉన్నాడు గదా" అన్నాను నవ్వుతూ.

"మీరంటారుగా పిన్నీ. అక్కడేదో మహిమ ఉందనుకున్నా. స్వామికి చెప్పే అంటున్నాలే, ఆయనేం అనుకోడు."

అప్పుడు చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది. ఈలోగా ఆమె ఫోను మోగింది, ఎవరో జాకెట్టు తొందరగా కావాలని. ఆమె పైకి పరిగెత్తింది. నేను మెట్ల కింద నిలబడి చూస్తే నీలం రంగు మీద తల వెంట్రుకంత గీత కొత్తగా కనపడింది. అందులోంచి చీమలు బారుగా వస్తున్నాయి. అంటే వాటికి లోపల పట్టేంత చోటుందన్నమాట. మా ఆయనకి చూపించాను. "దసరా వెళ్ళాక తాపీమేస్త్రిని పిలుద్దాం" అన్నాడు. నిజంగానే పిలిచేవాడేమో.

దసరా ముందు ఆమెకి పని ఎక్కువగా ఉంది. ఒక రోజు పొద్దున పదిన్నరకి కుట్టిన బట్టల మూట చంకన పెట్టుకుని దిగుతోంది. నేను పప్పు కడుగుతూ అలవాటుగా లెక్కపెడుతున్నాను. దిగేటప్పుడు లెక్క పైనుంచి. పదకొండు. పది. ఆ తర్వాత చప్పుడు పెద్దగా ఏం రాలేదు. పిల్లల పలక విరిగినట్టు టప్‌మంది. వెంటనే కింద బట్టలుతికే బండ మీద బరువుగా ఏదో పడింది.

వెళ్ళేసరికి ఆమె పక్కకి పడి ఉంది. కుడిచెయ్యి ఒంటికింద ఇరుక్కుపోయింది. చుట్టూ ఎవరెవరివో పట్టు జాకెట్లు. పగిలిన రాయి లోపల బూడిదరంగులో, పొరలు పొరలుగా ఉంది. చచ్చిన రాయి లోపల ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

నరసరావుపేట ఆసుపత్రిలో చేర్పించాం. తుంటి ఎముక అతుకుతుంది, కుడి మణికట్టు మాత్రం రెండుచోట్ల నుజ్జయిందని, వేళ్ళకి పట్టు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమని డాక్టరు అన్నారు. కత్తెర పట్టుకునే చెయ్యి. రెండో రోజు నేను పక్కన కూర్చుంటే ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసి చిన్నగా నవ్వింది.

"తప్పు నాదే పిన్నీ. నిన్న చంకన మూట, చెవి దగ్గర ఫోను. స్తోత్రం అనటం మర్చిపోయా."

నేను లేచి వరండాలోకి వచ్చేశాను. అక్కడ గోడ పట్టుకుని నిలబడితే నా నోట్లో ఏ ప్రార్థనా లేదు. పుట్టి బుద్ధెరిగాక అలా జరగడం అదే మొదలు.

నెల తిరగకుండా ఆమె అన్న లాయరు చేత నోటీసు పంపించాడు. ఇల్లు నా పేర ఉంది కాబట్టి అది నాకే వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: మేడ అద్దెకిచ్చినా, వచ్చేపోయేవాళ్ళు నడిచే మెట్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవలసింది యజమాని, అది చూసుకోనందువల్ల ఆమె చెయ్యి పోయింది, దానికి మేం బాధ్యులం. మూడుసార్లు చదివాను. ఒక్క మాట కూడా తప్పనిపించలేదు.

మా ఆయన నన్ను గురజాలలో తనకి తెలిసిన ప్లీడరు గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన మర్యాదస్తుడు, కూర్చోబెట్టి టీ తెప్పించాడు. విషయం ముందే మా ఆయన చెప్పి ఉన్నాడు, ఏం చెప్పాడో నాకు తెలియదు. జవాబు టైపు చేయించి సిద్ధంగా ఉంచారు. నాకు ఇంగ్లీషు రాదని తెలుగులోనే రాయించారు.

"చూడండమ్మా, ఇందులో కీలకం ఒక్కటే. తెలిసి ఊరుకుంటే ఒక లెక్క, తెలియక జరిగితే ఇంకో లెక్క. లోపల పగిలిన రాయి, పైకి కనపడదు. ఇంటివాళ్ళు ప్రతి రాయికీ ఎక్స్‌రే తీయించలేరుగా" అన్నారాయన. "పైగా గోడవైపు ఎక్కమని మీరు చెప్పారట. హెచ్చరించినట్టే. చానా మంచి పాయింటు."

"అసలు కారణం చెప్పలేదండీ" అన్నాను.

"అది వాళ్ళు అడిగినప్పుడు చూద్దాం."

కాగితం నా ముందుకి జరిపారు. నేను వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. మా ఆయనకి విసుగొచ్చింది. "ఏందే అంత చదివేది? పరీక్షా? పెట్టు సంతకం." నేను ఆగలేదు. మూడో పేరాలో ఉంది ఆ వాక్యం. సదరు మెట్టులో లోపం ఉన్నట్టు నాకు ఎంత మాత్రమూ తెలియదు.

వేలు అక్కడే ఆగిపోయింది. నాన్న సుద్దముక్కతో దిద్దించిన అక్షరాలే అవి.

"నాకు తెలుసండీ" అన్నాను.

ప్లీడరు గారు మా ఆయన వైపు చూశారు. మా ఆయన గోడమీద క్యాలెండరు వైపు చూశాడు.

"రాయి చచ్చిపోయిందని దుర్గి శిల్పి చెప్పాడు. సిమెంటు నేనే కలిపాను. రెండేళ్ళపాటు రోజూ ఆ మెట్టు దాటి, కూలలేదని దేవుడికి స్తోత్రం చెప్పాను. తెలియకపోతే ఎందుకు చెబుతానండీ?"

"దేవుడికి చెప్పినవి కోర్టు అడగదమ్మా."

"అమ్మాయికి వినపడేట్టు చెప్పానండీ. ఆమె నేర్చుకుంది కూడా."

ప్లీడరు గారు టీ కప్పు పక్కకి జరిపారు. తర్వాత ఆయన, "మీరన్నది ఇట్లాగే రాసి పంపితే కేసు అక్కడే అయిపోద్ది. తెలుసుగా?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. పెన్ను అడిగి తీసుకున్నాను. 'ఎంత మాత్రమూ తెలియదు' అన్నది కొట్టేసి పైన 'తెలుసు' అని రాశాను. మూడే అక్షరాలు. 'సు' కాస్త వంకరపోయింది. పక్కన సంతకం చేశాను.

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన బండి నెమ్మదిగా నడిపాడు. ఇంటి ముందు ఆపాక, "శిల్పి మాట నువ్వు చెబితే నేనూ విన్నాగా. నా పేరూ రాయాల్సింది" అన్నాడు. ఆయన్ని ఇచ్చినందుకు దేవుడికి ఆ పూట లోలోపల కృతజ్ఞత చెప్పుకున్నాను.

కోర్టుదాకా పోకుండా రాజీ అయింది. మేడ గదులు అమ్మాయి పేర రాసిచ్చాం. మెట్లన్నీ పీకించి పట్టుకునే కమ్మీలతో ఇనుప మెట్లు పెట్టించాం. గోడలో తొమ్మిదో మెట్టు ఉన్న చోట సిమెంటు మచ్చ మిగిలింది. దాని మీద రంగు వేయనివ్వలేదు.

అయితే అవన్నీ తర్వాతి సంగతులు. గురజాల నుంచి వచ్చిన మర్నాడే నేను ఆసుపత్రికి వెళ్ళి, ఇంకా మంచం మీదే ఉన్న ఆ అమ్మాయికి మొత్తం చెప్పాను. శిల్పి, ఉలి, సిమెంటు, నీలం రంగు, చీమలు, అన్నీ. స్తోత్రం ఎందుకు అనేదాన్నో కూడా చెప్పాను. ఆమె పైకప్పు వైపు చూస్తూ వింది.

అంతా అయ్యాక, "మరి నాకెందుకు చెప్పలా పిన్నీ?" అంది.

మిరపకాయలనీ, వానలనీ, దసరా అనీ చెప్పడానికి నోరు రాలేదు.

"రోజూ ఆయనకి చెప్పేదానివి. నేను నీ పక్కనే ఉన్నాగా" అంది. అప్పటిదాకా మీరు అనే పిల్ల, ఆ రోజు నువ్వు అంది. ఇంకొంచెం ఆగి, "ఇంక నా ముందర ఆ మాట అనమాక" అంది.

మళ్ళీ ఆమె ముందు స్తోత్రం అనలేదు. ఇప్పుడామె కిందికీ పైకీ తిరుగుతుంది, కాస్త కుంటుతుంది. పిలిస్తే పలుకుతుంది, తనంతట తాను పలకరించదు. మొన్న ఇనుప మెట్ల మీద కూర్చుని కత్తెర తీసింది. బొటనవేలు దూర్చింది. మిగతా వేళ్ళు ఒక్కొక్కటే రెండో కన్నంలోకి పెట్టి పాత గుడ్డముక్క కత్తిరించబోయింది. ఒకసారి జారింది. రెండోసారి కత్తెర నోరు మూసుకుంది, గుడ్డ జానెడు మేర తెగింది.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ మాట నా నాలుక చివరకి వచ్చేసింది. ఆమె తలెత్తి నా పెదాల వైపే చూస్తోంది. నోరు మూసుకుని లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించాను.