లంబాడీ వేషం

బడి నాటకంలో ఈసారి అన్ని కులాల, అన్ని మతాల పిల్లలకూ మాటలున్న వేషాలే ఇస్తున్నామని మొన్న మా మనవరాలి పంతులమ్మ ఫోనులో చెబుతుంటే, సంతోషించవలసింది పోయి నేను ఫోను పెట్టేశాను. అరవై ఏళ్ల కిందట మాచర్ల దగ్గర మా హైస్కూల్లో వేసిన నాటకం గుర్తుకొచ్చింది.

దేశంలో అందరం ఒక్కటేనని చాటే నాటకాలు మన తరం వాళ్లందరం చూసినవే. మా దాంట్లో సాయిబు వేషం షావుకారుగారి అబ్బాయిది, ఫాదిరీ వేషం కరణంగారి అబ్బాయిది; నిజం సాయిబుల పిల్లలు బల్లలు మోశారు, క్రైస్తవుల పిల్లవాడు తెర లాగాడు. లంబాడీ వేషం మాత్రం, తండా నుంచి నాలుగు మైళ్లు నడిచి వచ్చే మా తరగతి పిల్లకే ఇచ్చారు మాస్టారు. ఆమె పాడితే బడంతా ఆగి వినేది.

అడ్డుపడింది నేనే.

“ఆ పిల్ల పక్కన నేను నిలబడనండీ, మేకల కంపు కొట్టిద్ది,” అన్నాను.

మా నాన్న బడి కమిటీలో పెద్ద. మర్నాటికల్లా ఆ వేషం నాదైంది. నాకు పాట నేర్పమనీ, బట్టలు తెచ్చిమ్మనీ ఆ పిల్లకే పురమాయించారు. వేషం పోయిందని ఇంట్లో చెప్పలేకపోయిందేమో, వాళ్లమ్మ తన పెళ్లినాటి అద్దాల లంగా మూటగట్టి పంపింది. నాటకం రోజు సాయంత్రం తండా వాళ్లను వెంటబెట్టుకుని చూడడానికి కూడా వచ్చింది.

ఆ లంగాతో నేను రంగం మీదికి వెళ్లి, పుస్తకంలో లేని వంకర తెలుగు మాట్లాడాను. జనం విరగబడి నవ్వారు. ఆ ఊపులో తలలో పేలు చూసుకుంటున్నట్టు నటించాను, ఈలలు మోగాయి. వాళ్లమ్మ మాత్రం తెర పడేదాకా, రంగం మీదికి కొత్తగా ఎవరు వచ్చినా మెడ సాచి కూతురి కోసం చూస్తూనే ఉంది.

లంగా తీసుకోవడానికి వచ్చిన ఆ పిల్లను, “ఏందే, బాగా చేశానా?” అని అడిగాను.

“మా అమ్మ అట్టా మాట్లాడదు,” అంది, మడత పెట్టుకుంటూ.

నాకు మొదటి బహుమతి వచ్చింది. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. కొన్నాళ్లు హాజరులో పేరు పిలిచి, తర్వాత కొట్టేశారు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు ఆ బడిలో తండాల్లో పుట్టినవాళ్లే పాఠాలు చెబుతున్నారట. వింటే బాగానే ఉంటుంది గాని, అందులో మన గొప్పేమీ లేదు. గుమ్మానికి అడ్డంగా మనం నిలబడి ఉంటే, తోసుకుని లోపలికి వెళ్లినవాళ్లు వాళ్లు. ఆ పిల్లకు తోసే బలం లేకపోయింది. ఆమెకప్పుడు పన్నెండేళ్లు.