బాయిలర్ మూత తీయకముందు

ఈ చలిదేశంలో, పొద్దున్నే ఏజాక్స్‌లోని మా ఇంటి మెట్ల కింద బాయిలర్ టకటకమని నిప్పందుకుని బుస్సుమంటుంది. కాస్సేపటికి వేడెక్కిన దుమ్ము వాసన వంటింట్లోకి వస్తుంది. ఆ వాసన తగిలితే నాకు మా బాసు రూత్ గారు గుర్తొస్తారు. నరసాపురం వైపు మనిషి, నాకన్నా పద్దెనిమిదేళ్లు చిన్న. గ్యాసు పనికి లైసెన్సున్న తెలుగావిడను నేను ఆవిడకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఫ్యాక్టరీలో పని పోయి ఖాళీగా కూర్చున్న నన్ను, అరవై దాటాక, ఆవిడ సహాయకుడిగా పెట్టుకున్నారు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషైనా, మిషన్లైనా, మాన్యువల్సు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవే. ఆ గర్వం నాకుండేది. ఇప్పటికీ ఉంది, దాచుకోవడమెందుకు? గోడకు పట్టా తగిలించుకుని నట్టు ఏ వైపు తిప్పాలో తెలియనివాళ్లను చూస్తే నాకు ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది.

ఇక్కడి కాలేజీలు మన పిల్లల్ని విమానాలకొద్దీ చేర్చుకున్న సంవత్సరాలవి. చేర్చుకున్నవాళ్లలో ఒక్కరైనా వీళ్లు ఎక్కడ పడుకుంటారని ఆలోచించిన పాపాన పోలేదు. ఒషావాలో భాస్కర్ గారని ఒకాయన తన బేస్‌మెంట్‌ను నలుగురు ఆడపిల్లలకు అద్దెకిచ్చాడు. జనవరిలో ఆయన నుంచి ఫోనొచ్చింది. పైన తనకు వేణ్ణీళ్లు బాగానే వస్తున్నాయనీ, కింద మాత్రం రావడం లేదనీ, పిల్లలు గంటలకొద్దీ వాడి, కింది వాటాకు పెట్టిన బాయిలర్ పాడుచేశారనీ ఫిర్యాదు. రూత్ గారు వేరే ఇంట్లో పనిలో ఉండి, ముందు చూసి ఉంచమని నన్ను పంపారు.

ఆ రకం బాయిలర్‌కు నీళ్ల ట్యాంకు ఉండదు. కుళాయి తిప్పితే నీటి పరుగును పసిగట్టి అప్పటికప్పుడు మండుతుంది. నేను పిల్లల్ని గదిలోకి వెళ్లమని చెప్పి, మీటరు పెట్టి తీగలన్నీ చూశాను. నీళ్లు లోపలికొచ్చే చోట ఉండే జల్లెడ కడిగాను. నేను కుళాయి తిప్పిన ప్రతిసారీ అది మండుతూనే ఉంది. బాయిలర్ తెర మీద తప్పు చూపించే అంకె ఒక్కటీ లేదు. రెండు గంటలు గడిచాయి. తెలియలేదని ఒప్పుకోవడం నా వంటికి పడదు. భాస్కర్ గారు మెట్ల మీంచి ఏమైందని అడిగితే, ఇంతమంది మీద పడితే ఏ బాయిలర్ మాత్రం ఉంటుందండీ అనేశాను.

ఆయనకు కావలసింది ఆ మాటే. అక్కడికక్కడే పిల్లల్ని పిలిచి, మెకానిక్కే చెప్పాడు కదా అంటూ, నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. మౌనిక అనే కరీంనగర్ అమ్మాయి మాత్రం, ఈ చలిలో రూమ్ దొరకదంకుల్ అని మెల్లగా అంది. వాళ్ల ఫ్రెండ్ ఎటోబికోలో ఒకే గదిలో ఆరుగురితో ఉంటోందట. నేను పనిముట్ల పెట్టె సర్దుకుంటూ తల ఎత్తలేదు.

రూత్ గారు వచ్చారు. అంతా విన్నారు. బాయిలర్ వైపు కూడా చూడకుండా నేరుగా స్నానాలగదికి వెళ్లి మౌనికను పిలిచారు.

"రోజూ స్నానానికి నీళ్లెలా పట్టుకుంటావో అలాగే పట్టమ్మా. నేనున్నానని చూడకు."

ఆ అమ్మాయి బకెట్టు పెట్టి, రెండు వేళ్లతో కుళాయిని కొంచెం తిప్పింది. దారంలా సన్నటి ధార. బకెట్టులో పడుతున్న చప్పుడు కూడా లేదు.

"ఇంతేనా?"

"గింతే అక్కా. ఫుల్ తిప్పితే పైపు సౌండొస్తది, పైనుంచి అంకుల్ నేలను కాలుతో తంతరు. మూడు వారాలైతంది, కెటిల్‌ల కాగబెట్టుకుని కలుపుకుంటున్నం."

రూత్ గారు చెయ్యి చాచి కుళాయి పూర్తిగా తిప్పారు. మెట్ల కింద బాయిలర్ మండింది. అద్దం మీద ఆవిరి పట్టింది. అంత సన్నటి ధారకు అది నీళ్లు పారుతున్నాయనే అనుకోదు. ఈ సంగతి మాన్యువల్‌లో నేను రెండుసార్లు చదివాను.

"మీరు చూసినవన్నీ బాగానే చూశారు నర్సయ్య గారూ. ఈ పిల్లల్ని మాత్రం ఒక్క మాటా అడగలేదు." తర్వాత గొంతు తగ్గించి, "పైకెళ్లి మీరన్నమాట మీరే వెనక్కి తీసుకోండి. నేను చెబితే నేను సర్దిచెప్పినట్టవుద్ది."

నాకు కోపం వచ్చింది. నా కూతురి ఈడు మనిషి నాకు చెప్పడమా అనిపించింది. అయినా పద్నాలుగు మెట్లూ ఎక్కాను. బాయిలర్‌లో లోపం లేదనీ, పిల్లలు మోతకు భయపడి కుళాయి సన్నగా తిప్పి, కెటిల్ నీళ్లతో సరిపెట్టుకున్నారనీ, వాళ్ల మీద వేసిన మాట నాకు తెలియక తొందరపడి అన్నదనీ భాస్కర్ గారికి చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. పైపు మోత నిద్ర చెడగొడుతోందన్నాడు. రూత్ గారు వెనకాలే వచ్చి, వదులైన పైపును బిగించేస్తే మోతే ఉండదని అన్నారు. ఆ సాయంత్రమే బిగించాం. పిల్లలు చదువు అయ్యేదాకా అక్కడే ఉన్నారు.

రూత్ గారు ఇప్పుడు హాలిఫాక్స్‌లో వాళ్లక్క దగ్గర ఉంటున్నారు. నేను ఇరుగుపొరుగు ఇళ్లలో చూసిపెడుతుంటాను. నా నోరు తగ్గిందని మా ఆవిడ కూడా ఒప్పుకోదు. ఇళ్లిచ్చేవాళ్ల మీద, కాలేజీల మీద నా కోపం అలాగే ఉంది. కానీ ఎవరింటికి వెళ్లినా, చన్నీళ్లు పోసుకుంటున్నది ఎవరో వాళ్లను వెతికి, పక్కన నిలబడి, వాళ్లు చెప్పడం అయ్యేదాకా పెట్టె తెరవను.