కొండమీది సున్నపు గోడ

పులికాట్ సరస్సుకు పడమటి కొండల్లో ఒక పాతకోట శిథిలాలున్నాయి. వాటిని చూడ్డానికి పోయినేడు ఎనిమిదిమందిమి మూడు రోజుల నడకకు బయల్దేరాం. అందరి సంచుల్లో కెమెరాలుంటే, సరస్సులో చేపలు పట్టే పోలయ్యన్న సంచిలో కొడవలి ఉంది.

"కోట మీదికి యుద్ధానికొస్తున్నావా అన్నా?" అని దారి పొడుగునా ఆటపట్టించాను. ఆయన నవ్వి ముందుకు నడిచాడు.

రెండోరోజు సాయంత్రం పైకి చేరాం. కోటను ఏ రాజు కట్టించాడో చెబుతూ, కాదన్నవాళ్లతో నేను పోట్లాడుతుంటే, పోలయ్యన్న తూర్పుగోడ మీద అల్లుకున్న తీగలు కోస్తూ కనిపించాడు.

"ఇదేం పనన్నా?" అని ఎగిరాను.

"పొద్దున ఎండ పడితే ఈ సున్నపు గోడ మా పడవల్లోకి తెల్లగా కనపడేదమ్మా. దాన్ని బట్టే ఇంటిదారి. రెండేళ్లుగా తీగలు కప్పేసినాయి. మావోళ్లు దారి తడుముకుంటా ఉండారు."

"ఫోన్‌లో మ్యాప్ ఉంది గదా?"

"ఉండాది. నిన్నట్నించి నీ ఫోను ఏం జెప్పిందమ్మా?"

నా ఫోన్‌కు నిన్నటినుంచి సిగ్నల్ లేదు. ఓడిపోవడం ఇష్టంలేక మళ్లీ రాజుగారి సంగతి ఎత్తాను.

"ఏ రాజైతే ఏందిలేమ్మా," అన్నాడు. "మాకు కనపడేట్టు కట్టినాడు."

నేనూ ఒక తీగ పట్టుకుని బలంగా లాగాను.

"మెల్లిగా లాగమ్మా," అన్నాడు పోలయ్యన్న. "గోడ గూడా నీతో వచ్చేస్తాది."