శనివారం పడ్డ బంగారుతీగ

మా ఆయనకి గాలం వేయడం తెలుసు. నాకు ఆయన్ని గాలం వేయకుండా ఆపడం తెలుసు. పోయిన ఎండాకాలమంతా మా ఇంట్లో ఇదే ఆట.

మేముండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన. జూన్ వచ్చిందంటే ఇక్కడ పార్కులో జారుడుబల్ల మీద దోసె వేయొచ్చు. ఊరి చుట్టూ ఎడారి. ఆ ఎడారి కొండల మధ్య ఆనకట్టలు కట్టి నిలిపిన పెద్ద పెద్ద సరస్సులున్నాయి. మా ఆయన కొల్లేరు పక్కన పుట్టి పెరిగాడు. నీళ్ళు కనిపిస్తే చాలు, చేతులు ఊరుకోవు. ఆ పిచ్చి ఆరేళ్ళ మా అమ్మాయికీ పట్టుకుంది. మేలో స్కూలు మూసిన రోజే నా దగ్గర మాట తీసుకుంది.

"అమ్మా, సమ్మర్ అయిపోయే ముందు నేను ఒక ఫిష్ పట్టాలి. ప్రామిస్?"

అప్పటికింకా ఎండలు ముదరలేదు. ప్రామిస్ అన్నాను.

ఆ తర్వాత మొదలైంది నా చదువు. పిల్ల పడుకున్నాక ఫోన్‌లో సరస్సుల రిపోర్టులు చదవడం అలవాటైంది. నీటిమట్టం ఎంత తగ్గింది, పడవలు దించే చోటు ఎక్కడ మూశారు, ఏ ఒడ్డున నాచు పట్టింది, అన్నీ చదివేదాన్ని. ఎండకి పైనీళ్ళు కాగిపోతాయి, చేపలు లోతుకి దిగిపోతాయి, తెల్లారగట్ల తప్ప ఒడ్డు దగ్గరికి రావు. ఏది చదివినా వెళ్ళకుండా ఉండటానికి ఒక కారణం దొరికేది. ఒక వారం వడగాడ్పు హెచ్చరిక. ఒక వారం దుమ్ము తుఫాను. ఇంకో వారం నాచు. అది మేం వెళ్ళే సరస్సులో కాదు, పక్కదానిలో. అయినా సరే, వద్దన్నాను.

"నువ్వు చదివినన్ని రిపోర్టులు చదివితే చేపలు కూడా ఆ నీళ్ళలో ఉండవు" అన్నాడు మా ఆయన.

ఒక్కసారి మాత్రం బయల్దేరాం. కానీ పులిహోర కలపాలి, పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేయాలి, చల్ల మిరపకాయలు వేయించాలి. ఇవన్నీ సర్దుకుని మేం చేరేసరికి ఎండెక్కి, అందరూ కుర్చీలు మడిచేసి వెళ్ళిపోతున్నారు. కారులో ఏసీ వేసుకుని పులిహోర తిని తిరిగొచ్చేశాం.

చూస్తుండగానే జూలై సగం దాటింది. ఇక్కడ స్కూళ్ళు తొందరగా తెరుస్తారు. సోమవారం స్కూలనగా శుక్రవారం సాయంత్రం పిల్ల వచ్చి సోఫాలో నా పక్కన కూర్చుంది.

"ఇట్స్ ఓకే అమ్మా. నెక్స్ట్ సమ్మర్ పట్టుకుంటా" అంది, నా చెయ్యి నిమురుతూ.

ఏడ్చినా ఇంత బాధ ఉండేది కాదు. మాట తప్పిన నన్ను అది ఓదారుస్తోంది.

"రేపు పొద్దున్నే వెళ్తున్నాం" అన్నాను.

"రేపు శనివారం" అన్నాడు మా ఆయన వంటింట్లోంచి. మా ఇంట్లో శనివారం నీచు ముట్టం. ఆ రోజు ఫ్రిజ్‌లో గుడ్ల అట్ట కూడా వెనక వరసలోకి పోతుంది.

"ఆదివారం నీకు ఆన్‌కాల్ డ్యూటీ కదా. రేపే వెళ్దాం. పట్టి, వదిలేద్దాం."

"వదిలేసేదానికి పట్టడం ఎందుకు? మా నాన్న వింటే తంతాడు."

"తింటే వెంకన్న తంతాడు. ఎవరి చేత తన్నించుకుంటావో నువ్వే చూసుకో."

ఈసారి పులిహోర లేదు. బ్రెడ్డూ జామూ పెట్టుకుని చీకటితోనే బయల్దేరాం. మా ఆయన గోధుమపిండిలో బెల్లం, ఇంగువ వేసి ఎర కోసం ముద్ద కలిపాడు. కారంతా సాంబారు వాసన. చేరేసరికి ఆకాశం అప్పుడే బూడిదరంగులోకి తిరుగుతోంది. నీళ్ళు దిగిపోయిన మేర కొండల అడుగున తెల్లటి చార కనిపిస్తోంది. ఆ వేళప్పుడే గాలి మూత తీసిన ఇడ్లీ పాత్రలోంచి వచ్చినట్టుంది. పిల్లకి లైఫ్ జాకెట్ తొడిగి బెల్టులన్నీ బిగించాను.

"ఒడ్డు మీద లైఫ్ జాకెట్ ఎవరైనా వేస్తారా?" అన్నాడు మా ఆయన.

"మా అమ్మ వేస్తుంది నాన్నా" అంది పిల్ల, ఎంతో ఓర్పుగా.

కాసేపటికి నీళ్ళ మీది బెండు రెండుసార్లు ఊగి, గుటుక్కున మునిగింది. పిల్ల చేతిలో గాలం కర్ర వంగిపోయింది. పిల్ల కెవ్వుమంది. మా ఆయన కర్ర ముట్టుకోకుండా పిల్లని నడుం దగ్గర పట్టుకున్నాడు.

"లాగకు తల్లీ, లాగకు! పోనీ, పోనీ... ఇప్పుడు చుట్టు! చుట్టు!"

నీళ్ళ పైకి తేలిన చేప ఒళ్ళంతా పసుపుపచ్చగా మెరిసింది. "బంగారుతీగ!" అని అరిచాడు మా ఆయన, పెళ్ళిలో చిన్ననాటి స్నేహితుడు ఎదురైనట్టు.

ఇక ఫొటోలు. పిల్లతో ఒకటి, నాన్నతో ఒకటి, ముగ్గురం కలిసి ఒకటి. అందులో నేను కళ్ళు మూశానని ఇంకొకటి. అంతలో మా ఆయన ఊళ్ళో ఉన్న అన్నయ్యకి వీడియో కాల్ కలిపాడు. అక్కడ సాయంత్రం.

"ఎత్తి చూపించరా, తోక కనపడట్లేదు!"

"ఇదిగో అన్నయ్యా. పిల్లే పట్టింది!"

"అబ్బో, నా బంగారమే! పులుసు పెడతన్నారా?"

"శనివారం కదా, వదిలేస్తున్నాం."

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఐసులో పెట్టి రేపు వండుకోండ్రా!"

అందరం నవ్వుతున్నాం. అప్పుడు చూశాను చేప నోటిని. తెరుచుకుంటోంది, చాలాసేపటికి గానీ మూసుకోవడం లేదు. నేను చదివిన వాటిలో ఒకటి చప్పున తట్టింది. కాగిన నీళ్ళలో చేపకి ముందే ఊపిరి తక్కువ. అలిసిపోయినదాన్ని గాలిలో ఉంచితే, వదిలినా బతకదు.

"చాలు! ఫోన్ పెట్టెయ్!"

మా ఆయన గాలం ఊడదీసి చేపని నీళ్ళలో పెట్టాడు. చేప పక్కకి ఒరిగిపోయింది. తెల్లటి పొట్ట పైకి తేలింది.

"అమ్మా, అది చచ్చిపోయిందా? నేను పట్టినందుకా?" అంది పిల్ల.

ఒడ్డున నీళ్ళు గోరువెచ్చగా, పలచగా ఉన్నాయి. ఇక్కడ అది కోలుకోదు. చేపని రెండు చేతులతో పట్టుకుని, చెప్పులతో, చుడీదార్‌తో అలాగే లోపలికి నడిచాను. కాళ్ళ కింద రాళ్ళు జారుతున్నాయి. తొడల దాకా వచ్చేసరికి నీళ్ళు కాస్త చల్లగా తగిలాయి. పొట్ట కిందికి ఉండేలా దాన్ని నీళ్ళలో పట్టుకున్నాను.

"ముందుకీ వెనక్కీ ఊపు!" అని అరిచాడు మా ఆయన.

"ఊపకూడదు! ఊరికే పట్టుకోవాలి!"

వెనక నీళ్ళ చప్పుడు. పిల్ల దిగి వచ్చేసింది, వెనకే వాళ్ళ నాన్న. వెనక్కి వెళ్ళమనడానికి నోరు తెరిచాను గానీ దాని మొహం చూసి అనలేకపోయాను. లైఫ్ జాకెట్‌తో తేలుతూ నా చున్నీ కొస పట్టుకుంది.

"సారీ ఫిష్. కమాన్ ఫిష్. ఇంటికి వెళ్ళు, మీ అమ్మ వెయిట్ చేస్తుంది."

మొప్పలు ఒకసారి కదిలాయి. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ కదిలాయి. ఆ తర్వాత నా అరచేతుల్లో ఏదో బిగుసుకున్నట్టయింది. ఒక్క తోక దెబ్బ! ముగ్గురి మొహాల మీదా నీళ్ళు కొట్టి వెళ్ళిపోయింది. మా అరుపులకి దూరాన ఒడ్డు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి చూశారు.

పిల్ల మొహం తుడుచుకుంది.

"అమ్మా, వదిలేశాం కదా. ఇది పట్టినట్టేనా? కౌంట్ అవుతుందా?"

"అవుతుంది. నువ్వే పట్టావు."

"అయితే ఇంకొకటి పట్టనా? ఈసారి ఫొటో వద్దు."

సూర్యుడు ఇంకా కొండ దాటలేదు. మామూలుగా అయితే ఎంత ఎండ కాస్తుందో ఫోన్‌లో చూసేదాన్ని. ఫోన్ ఒడ్డున బ్రెడ్డు సంచీలో ఉంది.

"పట్టు. ఎండ మన మీద పడేదాకా" అన్నాను.

ఒడ్డున బండ మీద మా ఆయన ఫోన్ మోగుతూనే ఉంది. అన్నయ్యే అయ్యుంటాడు. ఎవరం వెళ్ళి తీయలేదు.