సెక్టర్ ఫైవ్ సభలో రెండో మనిషి

నిజం చెప్పాలంటే నేను కలకత్తా వెళ్ళింది మిఠాయిల కోసం. ఆఫీసులో చెప్పిన కారణం వేరు లెండి. సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్ళ సదస్సు ఒకటుంది, మా టెస్టింగ్ టీము నుంచి ఎవరో ఒకరు వెళ్ళాలన్నారు. కుర్రాళ్ళంతా బెంగళూరు అంటే ఎగిరి గంతేస్తారు గానీ కలకత్తా అనేసరికి కీబోర్డుల్లో తలలు దూర్చారు. నేను చెయ్యెత్తాను. నలభై దాటిన ఆడమనిషి ఒంటరిగా రైలెక్కి వేరే ఊరు పోయి, ఎవరికీ వండిపెట్టకుండా నాలుగు రోజులు ఉండటంలోని సుఖం చెప్తే అర్థమయ్యేది కాదు. సికింద్రాబాద్‌లో సాయంత్రం ఫలక్‌నుమా ఎక్కితే మర్నాడు సాయంత్రానికి హౌరా. మధ్యలో చిలకా సరస్సు ఒడ్డున బండి పోతున్నంతసేపూ కిటికీ వదలకండి. హౌరాలో దిగాక ప్రీపెయిడ్ టాక్సీ వరుస కొండచిలువంత ఉంటుంది, కంగారు పడొద్దు, చకచకా కదులుతుంది. సాల్ట్ లేక్ గెస్ట్ హౌసుకి రెండొందల లోపే అయింది.

శుక్రవారం పొద్దున కరుణామయి స్టాపు దగ్గర షేర్ ఆటో ఎక్కాను. ఈ ఊళ్ళో ఆటోవాడికి వంద నోటు చూపించడమంటే వాళ్ళమ్మని తిట్టినట్టే. నోటు చూడగానే డ్రైవరు బండి పక్కకి తీసి, “ఖుచ్రో దిన్ దీదీ, ఖుచ్రో!” అని మొదలెట్టాడు. చిల్లర ఇమ్మని. “ఓరి నాయనో, పొద్దున్నే చిల్లర ఎక్కడ పుట్టించను!” అని గొణుక్కున్నాను. పక్కన కూర్చున్న అమ్మాయి గిర్రున తిరిగింది.

“ఏటండీ, తెలుగోళ్ళేటి?”

నా డబ్బులు కూడా తనే ఇచ్చేసి, డ్రైవర్ని “దాదా, ఇంకా ఎంతసేపు నిలబెడతావ్, పోనీ” అని బెంగాలీలో ఒక్క కసురు కసిరింది. పేరు గౌరి. పాతికేళ్ళుంటాయేమో. వాళ్ళ నాన్న శ్రీకాకుళం దగ్గర్నుంచి వచ్చి రేవులో పని చేస్తాడు, ఇల్లు ఆ పక్కనే వాట్‌గంజ్‌లో. “తెలుగు మాటాడతాను గానీ సదవలేనండి, నవ్వకండి” అంది. చిన్న కంపెనీలో డేటాబేసుల పని. ప్రొబేషను ఈ నెలాఖరుతో అయిపోతుంది, ఉంచుతారో పంపేస్తారో మేనేజరు చేతిలో ఉంది. ఆవేళ మూడింటికి అదే సదస్సులో తను మాట్లాడాలి, స్టేజీ ఎక్కడం అదే మొదటిసారి. “మా వాట్‌గంజ్ నుంచి ఇలాటి సబలో మాటాడ్డం నేనే మొదలు. పొద్దున్నే మా నాన్న తన సొక్కా ఇస్త్రీ సేసుకున్నాడండి, తనే ఎళ్తన్నట్టు!” అని పకపకా నవ్వింది.

దారిలోనే ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ నాన్నకి రేవు కూలీల సంఘమంటే ప్రాణం. ఆదివారం వస్తే పిల్లని చంకనేసుకుని మీటింగుకి పోయేవాడట. “ఆటలన్నీ అక్కడే, నిద్ర కూడా అక్కడే. ఎవులు లెగిసి ఎలగ మాటాడాలో నాకు అఆల కంటే ముందొచ్చింది” అంది. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. ఆ మాట మధ్యాహ్నంలోగానే పనికొస్తుందని నాకేం తెలుసు.

కాలేజ్ మోడ్ కూడలిలో దిగి రెండు నిమిషాలు నడిస్తే సదస్సు జరిగే భవనం. గేటు బయట ఫుట్‌పాత్ మీద మట్టి కప్పుల్లో టీ అమ్ముతారు, లోపలి మిషన్ కాఫీ జోలికి పోకుండా అది తాగండి. హాలు పెద్దది, చలి కొరికేసేంత ఏసీ. నేను పోయి వరుస నడిమధ్య కూర్చున్నాను. గౌరి నాకు రెండు వరుసల ముందు, వాళ్ళ మేనేజరు పక్కన. సభకి అధ్యక్షుడు రిటైరైన ప్రొఫెసరు, మెడ చుట్టూ మఫ్లరు, మొహంలో నిద్ర.

మొదటి ఉపన్యాసం ఒక పెద్ద కంపెనీ పెద్దమనిషిది. పేరెందుకు, కోటు వేసుకున్నాడు గనక కోటాయన అందాం. గౌరి వాళ్ళ కంపెనీకి పని వచ్చేదే ఆయన చేతి మీదుగా. విషయం సర్వర్ల వేగం, నాకు నిజంగా కావలసిన విషయమే. నాలుగో స్లైడుకి తెర మీద ఒంటి మీద గుడ్డ సరిగ్గా లేని అమ్మాయి ప్రత్యక్షమైంది. “మంచి సర్వరంటే ఇలా ఉండాలి. ఎంతమంది వచ్చినా కాదనకూడదు” అన్నాడు. హాలు గొల్లుమంది. నా పక్క కుర్రాడైతే బల్ల చరిచాడు. తర్వాతి స్లైడులో ఇంకో అమ్మాయి, ఇంకో మాట, అది ఇక్కడ రాయలేను, రాయను. నా ఒళ్ళు భగ్గుమంది. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి హాళ్ళలో కూర్చుంటున్నాను, ఇలాంటి నవ్వులకి పళ్ళు నూరుకోవడం అలవాటైపోయింది. నూరుకుంటున్నాను కూడా.

గౌరి లేచింది. అరవలేదు, విసురుగా బయటికి పోలేదు. చెయ్యెత్తి పట్టుకుని, కోటాయన వైపు కన్నెత్తి చూడకుండా, ప్రొఫెసరు వైపు తిరిగి “సభాపతి మహాశయ్” అంది. ముందు తన పేరు చెప్పింది. పని చేసే చోటు చెప్పింది, మేనేజరు మొహం సున్నం కొట్టినట్టయింది. తర్వాత ఇంగ్లీషులో, తడబడకుండా: “నాకొక అభ్యంతరం ఉంది. ఈ బొమ్మలకీ సర్వర్లకీ సంబంధం లేదు. మూడింటికి ఇదే తెర ముందు నేను నిలబడి మాట్లాడాలి. నన్ను చూసి వీళ్ళకి ఈ బొమ్మ గుర్తొస్తే నా మాట ఎవరూ వినరు. మిగతా బొమ్మలు తీసేసి ఉపన్యాసం కొనసాగించమని కోరుతున్నాను.” అంతే. కూర్చోలేదు, అలాగే నిలబడింది.

కోటాయన మైకులో చిన్నగా నవ్వి, “సరదాకి ఒక జోకు వేస్తే...” అన్నాడు. ప్రొఫెసరు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ ముసలాయన నిద్రమొహం ఎటు పోయిందో! ఏ కాలంలో ఎన్ని మీటింగులు నడిపాడో గాని, “జవాబు చెప్పే అవకాశం మీకూ ఉంటుంది, ఆగండి. ముందు సభ సంగతి. ఈ అభ్యంతరాన్ని సమర్థించేవారు ఎవరైనా ఉన్నారా?” అన్నాడు. పద్ధతి ప్రకారం ఇంకొకరు లేవాలి. లేవకపోతే మాట అక్కడికక్కడే రద్దు.

ఎవరూ లేవలేదు. మేనేజరు కూర్చో కూర్చో అని చేత్తో సైగలు చేస్తున్నాడు. గౌరి వెనక్కి తిరిగి ఎవర్నీ చూడటం లేదు, పైకెత్తిన చెయ్యి దించటం లేదు. ఆ పిల్లకి ఈ నెల గడిస్తే ఉద్యోగం. అక్కడ ఇంట్లో వాళ్ళ నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఇక్కడ ఇంతమందిమి నోళ్ళు కుట్టేసుకుని కూర్చున్నాం. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది, కోటాయన మీద కాదు, హాలు మీద. లేచాను. లేచానంటే సినిమాలో హీరోలా కాదు. ఒళ్ళోని లాప్‌టాప్ బ్యాగు ధబ్బున కింద పడింది, నీళ్ళ సీసా దొర్లుకుంటూ వెళ్ళి ముందు వరుసలో ఎవరి కాలికో తగిలింది, బల్ల చరిచిన కుర్రాడి కాలు తొక్కాను. అది మాత్రం కావాలనే.

“నా పేరు సుభద్ర. హైదరాబాదులో టెస్టింగ్ చేస్తాను. సమర్థిస్తున్నాను” అన్నాను.

ఆ తర్వాత వెనక ఎక్కడో ఒక బెంగాలీ అమ్మాయి లేచింది. ఆమె పక్కనే తెల్లజుట్టు ఆయన. ఇంకెవరో. నేను లెక్కపెట్టలేదు, వంగి బ్యాగు తీసుకుని కూర్చున్నాను. ప్రొఫెసరు “సభ ఒప్పుకుంది” అని, మాట ప్రకారం కోటాయనకి అవకాశమిచ్చాడు. “రెండేళ్ళుగా ఇవే స్లైడులు చూపిస్తున్నాను, ఎక్కడా ఎవరూ ఏమీ అనలేదు” అన్నాడాయన. “ఇప్పుడు అన్నాం సార్” అంది గౌరి, మర్యాదగానే, అని కూర్చుంది. ఇక చూడాలి ఆయన అవస్థ! ఒక స్లైడు దాటేస్తాడు, రెండోది దాటేస్తాడు, మూడోది రాబోయి తెర మీద ఒక కాలు కనపడగానే గబుక్కున దాటేస్తాడు. బొమ్మలు పోతే ఆ ఉపన్యాసంలో మిగిలింది గుప్పెడు. టీ టైముకి చాలా ముందే అయిపోయింది.

బయట ఘుగ్ని తింటుంటే (బఠాణీలు ఉడికించి ఉల్లిపాయ, నిమ్మరసం వేసిస్తారు, పది రూపాయలు, తప్పక తినండి) గౌరి చుట్టూ నలుగురైదుగురు మూగారు. ఒకతను సెల్‌ఫోనులో ఆ బొమ్మా కోటాయన కలిపి ఫోటో తీశాడట. “పేరుతో సహా ఇంటర్నెట్‌లో పెట్టేద్దాం, ఊరూ వాడా తెలియాలి” అన్నాడు. నేనైతే ఈపాటికి పెట్టేసి ఉండేదాన్ని, అదే చెప్పాను. గౌరి తల అడ్డంగా ఊపింది.

“వొద్దండి. ఆయనకి జవాబు సెప్పుకునే సోటున్న కాడ సెప్పాను. అక్కడైతే ఆయన ఉండడు కదా. మా నాన్నోళ్ళ మీటింగులో కూడా అంతే, మనిసి లేని కాడ తీర్మానం పెట్టరు.”

ఆ మాటకి నేనింకా పూర్తిగా ఒప్పుకోలేదు, ఇంటికి వచ్చాక కూడా నాలో నేను వాదించుకుంటూనే ఉన్నాను. కానీ ఆ క్షణాన ఆ పిల్లని చూసి నోరెళ్ళబెట్టాను. ఇంతలో మేనేజరు వచ్చి “సోమవారం మాట్లాడదాం” అని ఒక్క ముక్క అనేసి పోయాడు. గౌరి చేతిలో ఆకుదొన్నె అలాగే ఉండిపోయింది. “ఉద్యోగం పోతాదేమోనండి” అంది నెమ్మదిగా. “పోతే?” అన్నాను. “పోతే ఎతుక్కోవాలి. ఇంట్లో జీతం నాదే పెద్దది.” మూడింటికి స్టేజీ ఎక్కి మాత్రం అదరగొట్టింది. కోటాయన వెనక వరుసలో కూర్చుని, చివర ఒక ప్రశ్న కూడా అడిగాడు, సర్వర్ల గురించే, సవ్యంగానే.

“మా ఇంటికి రాకుండా ఎళ్ళిపోతారేటి?” అని సాయంత్రం వాట్‌గంజ్ లాక్కుపోయింది. మీరూ వెళ్ళేట్టయితే సెక్టర్ ఫైవ్ నుంచి ధర్మతలకి బస్సు, అక్కణ్ణించి ఖిదిర్‌పూర్ ట్రామెక్కండి. నాలుగు రూపాయలకి మైదానమంతా చెట్ల మధ్యగా చూపిస్తుంది. నేను తొందరపడుతుంటే ట్రామ్ కండక్టరు “దీదీ, తొందరుంటే టాక్సీ ఉంది, ఇది ట్రామ్” అన్నాడు. ఖిదిర్‌పూర్‌లో దిగాక నడక. గోడల నిండా కొడవళ్ళూ సుత్తులూ, సందు తిరిగేసరికి ఓడల కూత, ఇంకో సందు తిరిగేసరికి “ఓలమ్మా, గౌరొచ్చీసింది!” అని మన తెలుగు.

ఒకటే గది. వాళ్ళ నాన్న అప్పలసామి ఇస్త్రీ చొక్కాతోనే ఉన్నాడు, ఇంట్లో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో. గౌరి జరిగిందంతా చెప్పింది, సోమవారం సంగతితో సహా. అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. ఆయన మాత్రం వరసగా అడుగుతున్నాడు.

“పేరు సెప్పినావా?”

“సెప్పాను నాన్నా.”

“ఎదటోడిని జవాబు సెప్పుకోనిచ్చినారా?”

“ఇచ్చారు.”

“రెండో మనిసెవులు?”

గౌరి నా వైపు చూపించింది. ఆయన కుర్చీలోంచి లేచాడు. భుజం మీది తువ్వాలుతో ఆ కుర్చీ తుడిచి నా ముందుకి జరిపాడు. “కూకోండమ్మా” అన్నాడు. నేను వద్దు వద్దంటే వినలేదు. “మొదటోడికి కోపమొత్తాది, లెగుత్తాడు. రెండోవోడికి ఏటవసరం? ఆడు లెగిత్తేనే అది మీటింగు. నేకపోతే ఒక్కడి గోల” అన్నాడు, తను నేల మీద చతికిలబడుతూ. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆవ పెట్టి వండిన బొచ్చె చేప, వేడన్నం. ఆ కుర్చీలో కూర్చునే తిన్నాను.

సోమవారం నేను రైల్లో ఉండగా గౌరి ఫోన్ చేసింది. కోటాయన కంపెనీ పని నుంచి తప్పించేశారట, కానీ ఉద్యోగం మాత్రం ఖాయం చేశారు, వేరే పనిలో వేశారు. “సగం గెలిచామండి” అంది. కలకత్తా అంటే ఎవరైనా నాకు హౌరా వంతెన గురించి చెప్తారు, మిఠాయిల గురించి చెప్తారు. అవన్నీ బాగానే ఉన్నాయి. కానీ లేచి మాట్లాడటానికి ఒక పద్ధతుందని, అది పిల్లలకి ఉగ్గుపాలతో పట్టొచ్చని, ఆ పద్ధతిలో రెండో మనిషికి కూడా ఒక కుర్చీ ఉంటుందని ఆ ఊళ్ళోనే తెలుసుకున్నాను. ఇన్నేళ్ళు ఇన్ని హాళ్ళలో నా ముందు ఎవరో ఒకరు లేస్తారని చూస్తూ వచ్చాను. రెండోదాన్నవడం ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో అయ్యేదాన్ని.

వెళ్ళేవాళ్ళకి చిట్కా ఒక్కటే. ఆటోకి చిల్లర ఉంచుకోండి అని మీరు ఎలాగూ ఎక్కడో చదువుతారు. నేను చెప్పేది ఇదీ: ఏ సదస్సుకి వెళ్ళినా వరుస మధ్యలో కూర్చోకండి. నడవ పక్క కుర్చీ పట్టుకోండి. లేవడానికి వీలుగా ఉంటుంది.